నడక వేళలో నడిచిన నేరం

మాది ఫారాల ఆఫీసు. పూర్తి పేరు ప్రభుత్వ ఫారముల నిల్వ మరియు పంపిణీ సంస్థ, జిల్లా కార్యాలయం. జిల్లాలో ఎవరు పుట్టినా, పోయినా, ఇల్లు కట్టినా, బావి తవ్వినా అందుకు కావలసిన ఫారాలు మా గిడ్డంగి నుంచే వెళ్తాయి. మేం ముప్పై ఒక్క మందిమి పనిచేస్తాం. ఫారం లేని సంగతి ఒకటి లోకంలో ఉంటుందంటే మాలో చాలామంది నమ్మరు. నేను అందులో జూనియర్ అసిస్టెంటును. పేరు వనజ. నా పక్క బల్ల ఎలగందుల ఓదెలు గారిది.

ఓదెలు గారు సీనియర్ అసిస్టెంటు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వస్తే రేడియోలో వార్తలు చదివే గొంతుతో మాకు చదివి వినిపించేవారు. మేం నవ్వితే ఆయన నవ్వేవారు కాదు. అందుకే మాకు ఇంకా నవ్వొచ్చేది.

పోయిన ఎండాకాలం నుంచి ఆ మనిషి మారిపోయారు. పొద్దున కలం మూత తీసి కాగితం ముందు పెట్టుకుంటే, మధ్యాహ్నం భోజనాల వేళకూ అదే కలం, అదే తెల్ల కాగితం. టిఫిను డబ్బా ఎలా తెచ్చారో అలాగే తీసుకుపోయేవారు. ఏమైందని అడిగితే, "ఏం లేదు వనజమ్మా, జర పెయ్యి బరువున్నది" అని ఒంటి మీద నెపం పెట్టేవారు. ఏడవడం లేదు, విసుక్కోవడం లేదు. ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడానికే నాకు భయం వేసింది.

జులైలో ఒకరోజు ఆయన భార్య స్వరూప నాకు ఫోన్ చేసింది.

"మనిషి ఇంట్లనే ఉంటడు మేడం, ఉన్నట్టే ఉండదు. పొద్దున లేసి మొకం కడుక్కునుడే పెద్ద పనైంది ఆయనకు. మొన్న, 'నేను లేకుంటె మీకు నయం' అన్నడు. దవాఖానకు పోదామంటె వస్తా అన్నడు గాని నాకే ధైర్యం సాలుతలేదు. మీరు గూడ తోడు రారాదుండ్రి."

మర్నాడు ముగ్గురం సర్కారు దవాఖానకు వెళ్లాం. మానసిక వైద్యం గది బయట గంటన్నర కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టర్ నుస్రత్ గారికి ముప్పై ఐదేళ్లుంటాయేమో. ఆమె అన్నీ ఓపికగా అడిగారు. నిద్ర, ఆకలి, పని. చనిపోవాలని ఆలోచన వస్తుందా అని కూడా మామూలు గొంతుతోనే అడిగారు. ఓదెలు గారు నేల చూస్తూ, "అప్పుడప్పుడు" అన్నారు. స్వరూప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పి మంచి పని చేసిన్రు," అన్నారు డాక్టర్. "దీని పేరు డిప్రెషన్. బీపీ, షుగరు లెక్క ఇదీ ఒక జబ్బే. మీ తప్పు ఏం లేదు. మందులు రాస్తున్న. అవి పనిచేసుడు మొదలుపెట్టేసరికి రెండు మూడు వారాలైతది, మధ్యల ఆపొద్దు. గా ఆలోచన ఎక్కువైతే ఏ పూటైనా సరే ఇక్కడికి రావాలె. పదిహేను రోజులకోసారి నాతోని వచ్చి మాట్లాడాలె. ఇంకోటి, రోజూ నడవాలె."

"నడిస్తె దిగులు పోతదా మేడం?" అంది స్వరూప.

"ఒక్కనాడు పోదు. మందుకు బదులు కాదు, మందుకు తోడు. నడిచేవాళ్లకు జల్ది నయమైతదని మేం చూస్తున్నం. మొదట పది నిమిషాలు చాలు, మెల్లగ నలభై దాకా తెచ్చుకోండి. ఎవరన్న తోడుంటె మంచిది. నడవ బుద్ధైనంక నడుస్త అనుకోకుండ్రి. ఈ జబ్బుల బుద్ధి ముందు రాదు, నడిచినంకనే వస్తది. రోజుల ఎప్పుడు మీకు కొంచెం తేలికగ ఉంటది?"

"సాయంత్రం నాలుగైతె జర నయం. ఇంటికి పోయి పండుకున్ననంటె మల్ల లేవ," అన్నారు ఓదెలు గారు.

"అట్లైతె నాలుగింటికే నడవండి," అని ఆమె చీటీ మీద రాసి ఇచ్చారు.

ఆ చీటీ పట్టుకుని ఓదెలు గారు దరఖాస్తు పెట్టుకున్నారు. నాలుగు నుంచి నాలుగు నలభై వరకు బయటికి వెళ్లడానికి అనుమతి కావాలని, ఆ నలభై నిమిషాలు పొద్దున ముందొచ్చి పూడ్చుకుంటానని. దరఖాస్తు రాయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. నాలుగు నెలల్లో ఆయన రాసిన మొదటి కాగితం అది.

మా డిప్యూటీ డైరెక్టర్ దయాకర్ గారు చెడ్డ మనిషి కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఫైళ్ల మధ్య ఉండి ఉండి ఫైలు భాషే ఆయన మాతృభాష అయింది. ఇంట్లో కూడా కూరలో ఉప్పు లోపించిన విషయమును గృహిణి దృష్టికి తెచ్చుచుంటారని ఓదెలు గారే ఒకప్పుడు మాతో అనేవారు. ఆయన దరఖాస్తు మూడుసార్లు చదివారు.

"ఓదెలు గారూ, మీ అనారోగ్యము పట్ల కార్యాలయము సానుభూతి కలిగియున్నది. అయితే రోగికి విశ్రాంతి మంజూరు చేయు అధికారము మాత్రమే నాకు గలదు. కదలిక మంజూరు చేయు అధికారము లేదు. మీరు పడుకొనుటకు దరఖాస్తు పెట్టుకొనినచో పదిహేను దినములు ఈ క్షణమే ఇవ్వగలను."

"పండుకునుడే నా రోగం సార్," అన్నారు ఓదెలు గారు.

"అదే కదా చిక్కు. రోగము పెరుగుటకు నిబంధన ఉన్నది, తగ్గుటకు లేదు. పై కార్యాలయము వారి స్పష్టత కోరెదము."

స్పష్టత కోరుతూ ఫైలు హైదరాబాదు వెళ్లింది. మామూలుగా అలా వెళ్లిన ఫైళ్లు మా పిల్లల పెళ్లిళ్ల నాటికి తిరిగి వస్తాయి. ఇది పన్నెండు రోజుల్లో వచ్చింది. కారణం, సరిగ్గా ఆ వారమే పై ఆఫీసులో పెద్దవాళ్లు ఒక సదస్సుకు వెళ్లారట. వ్యాయామం చేస్తే మానసిక ఆరోగ్యం బాగుపడుతుందని అక్కడ ఎవరో చెప్పారట. ఆ మాటలో తప్పేమీ లేదు. డాక్టర్ నుస్రత్ గారు చీటీ మీద ఒక్క వరుసలో రాసింది కూడా అదే. పై ఆఫీసు వాళ్లు దాన్ని పద్నాలుగు పేజీల్లో రాశారు.

ఆ సంవత్సరం మా సంస్థకు మనోల్లాస నడక సంవత్సరం అయింది. ప్రతి కార్యాలయం తన సిబ్బందిలో పది శాతం మంది దిగులు గలవారిని గుర్తించాలి. నాలుగు నుంచి నాలుగు నలభై వరకు ఆవరణ లోపలే అందరినీ నడిపించాలి. నడకకు ముందు దిగులు, నడక తర్వాత దిగులు ఫారంలో నమోదు చేయాలి. మూడు నెలలకు తనిఖీ. సర్క్యులర్ చివర, ఈ పథకానికి ప్రేరణ అని చెప్పి ఓదెలు గారి దరఖాస్తును, డాక్టర్ చీటీతో సహా, జతచేశారు. దాన్ని అన్ని జిల్లాలకూ పంపారు.

మా ఆఫీసు నోటీసు బోర్డు మీద దయాకర్ సార్ ప్రత్యేకంగా ఒక కాగితం అంటింపజేశారు. 'నమూనా లబ్ధిదారులు: శ్రీ ఎలగందుల ఓదెలు, సీనియర్ అసిస్టెంటు. వ్యాధి: దిగులు.' చుట్టూ రంగు పెన్నులతో పూలతీగ గీయించారు. ఆయన ఉద్దేశం గౌరవించడమే.

ఓదెలు గారు బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. వచ్చి కుర్చీలో కూర్చుని, "వనజమ్మా, నా రోగానికి పూలు గూడ గీసిన్రు," అన్నారు.

మర్నాడు ఆఫీసుకు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. స్వరూప ఫోన్ చేసి, "నలుగురికి మొకం ఎట్ల చూపియ్యాలె అంటున్నడు," అంది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. పక్కనే నిలబడి ఉన్న కొమురమ్మ మాత్రం విన్నది.

కొమురమ్మ మా అటెండరు. యాభై ఆరేళ్లుంటాయి. గిడ్డంగిలో పార్సిళ్లు కట్టడం, సాయంత్రం నాలుగింటికి టపా సంచి భుజాన వేసుకుని హెడ్ పోస్టాఫీసుకు నడిచి వెళ్లి రావడం ఆమె పని. ఆ సాయంత్రం నోటీసు బోర్డు మీద పూలతీగ కాగితం కనిపించలేదు. దయాకర్ సార్ అడిగితే, "మంథనికి పోయే పార్సిలుకు కాయితం తక్కువ పడ్డది సార్. గోడకు ఒకటి ఊరికె ఉన్నది గదా అని సుట్టిన," అంది. ఆయన నిబంధనల పుస్తకం తిరగేశారు. పార్సిళ్లకు వాడిన కాగితాన్ని తిరిగి అంటించే నిబంధన లేదు.

మూడో రోజు ఓదెలు గారు వచ్చారు.

ఇక పది శాతం లెక్క. ముప్పై ఒక్క మందిలో పది శాతం అంటే ముగ్గురూ, ఇంకొకరిలో పదో వంతూ. ఆ పదో వంతు మనిషి దిగులు ఏం చేయాలన్న దాని మీద ఒక పూట సమావేశం జరిగింది. భిన్నము ఉన్నప్పుడు పై పూర్ణాంకమునకు సవరించవలెనని దయాకర్ సార్ తీర్పు ఇచ్చారు. అంటే నలుగురు కావాలి. ఓదెలు గారు పోను మిగతా ముగ్గురి కోసం స్వచ్ఛందంగా ముందుకు రమ్మన్నారు. ఎవరూ రాలేదు. అందుకని నెలకు ముగ్గురి చొప్పున వంతులు వేశారు. నాకు వచ్చిన ఉత్తర్వు నా దగ్గర ఇప్పటికీ ఉంది. 'శ్రీమతి వనజ, జూనియర్ అసిస్టెంటు గారిని ఆగస్టు మాసమునకు దిగులు గల ఉద్యోగినిగా నియమించడమైనది. వారు తమ నిత్య విధులకు అదనముగా దీనిని నిర్వర్తించవలెను.' నేను సంతోషంగా సంతకం పెట్టాను. సంతోషంగా పెట్టడం ఉత్తర్వు స్ఫూర్తికి విరుద్ధమని సార్ మెల్లగా గుర్తుచేశారు.

ఆగస్టు ఒకటో తేదీన నడక మొదలైంది. గిడ్డంగి వరండాలో సున్నంతో రెండు గీతలు గీశారు. ఆ గీతల మధ్య ముప్పై మందిమి ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం. కొమురమ్మకు మాత్రం మినహాయింపు. టపా నిమిత్తం ఆమె ఆ వేళకు నడవవలసి ఉంది కాబట్టి నడవడానికి వీలుపడదని రాసుకున్నారు.

వరస సీనియారిటీ ప్రకారం. ముందు దయాకర్ సార్, ఆయన వెనక ఇద్దరు సూపరింటెండెంట్లు, తర్వాత సీనియర్ అసిస్టెంట్లు, ఆ తర్వాత మాలాంటివాళ్లం. కింది ఉద్యోగి పై ఉద్యోగిని దాటి నడవరాదు. దాటితే పదోన్నతి చిక్కులు వస్తాయని సార్ చెప్పారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నాలుగడుగులు వేసి ఆగేవారు. ఆయన ఆగితే అందరం ఆగేవాళ్లం. ఫోన్ వస్తే ఆగేవారు. ఎవరైనా సంతకానికి వస్తే గోడకు కాగితం ఆనించి సంతకం చేసేవారు. మొదటిరోజు నలభై నిమిషాల్లో మేం నడిచింది ముప్పై రెండు అడుగులు.

నడక కాగానే ఫారం. మనోల్లాస నడక ఏడో నంబరు ఫారం మా గిడ్డంగిలోనే, మా చేతులతోనే తయారైంది. దిగులు పూర్వము, దిగులు అనంతరము, తేడా, తేడాకు కారణములు, తేడా లేనిచో సంజాయిషీ. అది నింపడానికి ముప్పావుగంట పట్టేది. దాంతో ఐదు గంటలకు ఇంటికి వెళ్లవలసినవాళ్లం ఐదున్నరకు వెళ్లేవాళ్లం. మా సూపరింటెండెంటు ఒకాయన, ఎప్పుడూ హుషారుగా ఉండే మనిషి, రెండో వారానికే దిగులు అనంతరము అన్న గడిలో 'విపరీతము' అని రాశారు.

మాకు అది తమాషా. ఓదెలు గారికి కాదు. ఎనిమిదో రోజున ఆయన నాతో అన్నారు.

"నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయి వనజమ్మా. ముందటాయన వీపు సూసుకుంట నలభై నిమిషాలు. గింతకంటె పండుకున్నదే నయం ఉండె. ఈ మందులు గూడ ఎందుకు అనిపిస్తున్నది."

"డాక్టరమ్మ మందులు ఆపొద్దన్నది గదా సార్. జర ఓపిక పట్టుండ్రి," అన్నాను. ఆయన తల ఊపారు. ఆ రాత్రి స్వరూపకు ఫోన్ చేసి మందులు దగ్గరుండి వేయించమన్నాను.

మర్నాడు నాలుగింటికి అందరం గీతల మధ్య నిలబడే వేళకు కొమురమ్మ ఇంకో టపా సంచి తెచ్చి ఓదెలు గారి ముందు పెట్టింది.

"ఓదెలు సారూ, ఇయ్యాల రెండు సంచులున్నయి. నా భుజం గుంజుతున్నది. జర ఒకటి పట్టుకోని రారాదు."

ఆమె భుజాన ఉన్న సంచిలో నాలుగే కవర్లు. నేను చూశాను. ఆయన ముందు పెట్టిన దాంట్లో ఏమీ లేదు.

ఆయన కాదనడానికి కూడా ఓపిక లేనట్టు లేచి వెళ్లారు. ఆ రోజు మామిడికాయల మార్కెట్ దాకా వెళ్లి, మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూర్చున్నారట. కొమురమ్మ పోస్టాఫీసుకు పోయి వచ్చేదాకా అక్కడే కూర్చుని, ఆమెతో తిరిగి వచ్చారు. రెండో రోజు మిరపకాయలు అమ్మే గంజు దాటి బీడీల కంపెనీ గేటు దాకా. వారానికి పోస్టాఫీసు దాకా.

ఏం మాట్లాడుకుంటారని నేను కొమురమ్మను అడిగాను.

"ఆయన మాట్లాడడు. నేనే మా అక్క బిందె ముచ్చట చెప్తున్న."

అది చిన్న ముచ్చట కాదు. పన్నెండేళ్ల కింద కొమురమ్మ అక్క ఒక పెళ్లికని ఇత్తడి బిందె తీసుకుపోయింది. ఇప్పటిదాకా ఇవ్వలేదు. ఆ బిందె చుట్టూ రెండు పంచాయితీలు, ఒక అలక, ఆస్పత్రిలో ఒక రాజీ, మళ్లీ ఒక అలక జరిగాయి. కొమురమ్మ దాన్ని రోజుకింత చెబుతూ, ఆఫీసు గేటు రాగానే ఎక్కడిదక్కడ ఆపేసేది. ఓదార్చేది కాదు, హుషారుగా ఉండమని చెప్పేది కాదు.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం సంచి భుజాన వేసుకుంటూ ఓదెలు గారు నా బల్ల పక్కన ఆగి, ఆమె వైపు తిరిగి, "మరి నిన్న ఆ బిందె మీద పేరు ఎవలిదున్నదని తేలింది?" అన్నారు. అప్పటికి ఆర్నెల్లుగా ఆయన ఎవరినీ ఏదీ అడగడం నేను వినలేదు. నేను ఫైలు పైకి ఎత్తి ముఖం దాచుకున్నాను.

సెప్టెంబరు పదో తేదీన ఆయనకు మెమో వచ్చింది.

'విషయము: నడక వేళయందు నడక స్థలములో నడవక, అనుమతి లేకుండా అన్యత్ర నడిచిన విషయమై సంజాయిషీ కోరుట. నమూనా లబ్ధిదారులైన మీరు ఆగస్టు తొమ్మిదవ తేదీ మొదలు నడకకు గైర్హాజరైనట్లు నడక రిజిస్టరు ద్వారా స్పష్టమగుచున్నది. ఇట్టి మీ ప్రవర్తన పథకము యొక్క కాళ్లు విరిచినట్లగును. మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.'

ఓదెలు గారు ఆ మెమోను రేడియో గొంతుతో మాకు చదివి వినిపించారు. చదివి, ఆయన నవ్వలేదు. మేం మాత్రం చాలా నవ్వాం. నాకైతే ఎందుకో కళ్లు కూడా తడిశాయి.

ఆయనను గదిలోకి పిలిచారు. నేను రిజిస్టరు పట్టుకుని వెంట వెళ్లాను.

"నేను రోజూ నడుస్తున్న సార్. పోస్టాఫీసు దాకా పోయి వస్తున్న. రానుపోను మూడు కిలోమీటర్లు," అన్నారు ఓదెలు గారు.

"రిజిస్టరునందు నమోదు కాని నడక, నడకగా పరిగణింపబడదు."

"చెమట వస్తున్నది సార్. నిద్ర గూడ జర పడుతున్నది."

"చెమట, నిద్ర ఇత్యాదులకు ఏడవ నంబరు ఫారమునందు గడులు లేవు. మీరు నడుచుచున్నట్లు కార్యాలయమునకు సాక్ష్యమేది? విచారణ అవసరము." ఆయన నా వైపు చూశారు. "శ్రీమతి వనజ గారిని విచారణాధికారిగా నియమించుచున్నాను. ఆరోపిత ఉద్యోగి నడుచుచున్నారా లేదా అను విషయమును వెనుక నుండి స్వయముగా పరిశీలించి నివేదిక సమర్పించవలెను."

"ఎన్ని రోజులు సార్?"

"సత్యము తేలునంతవరకు."

సత్యం మొదటిరోజు పది నిమిషాల్లోనే తేలింది. కానీ నేను నివేదిక రాయడానికి తొందరపడలేదు. రోజూ నాలుగింటికి వాళ్ల వెనక పరిశీలిస్తూ నడిచాను. నాలుగో రోజు నుంచి పక్కన పరిశీలించాను. గంజు వెనక రోడ్డు మీద మిరపకాయల ఘాటుకు ముగ్గురం తుమ్మేవాళ్లం. బిందె కథ అర్థం కాక నేను మధ్యలో అడ్డం వస్తే, ముందు జరిగిందంతా ఓదెలు గారే నాకు చెప్పేవారు. కొన్ని రోజులు ఆయన ఒక్క మాటా లేకుండా నడిచేవారు. అలాంటి రోజుల్లో మేమూ ఊరికే నడిచేవాళ్లం. రెండుసార్లు మధ్యలోనే వెనక్కి వచ్చేశాం. డాక్టర్ నుస్రత్ గారు అలాంటి రోజులు వస్తాయనే చెప్పారు, మందు మోతాదు కొంచెం మార్చారు. దసరా వచ్చే నాటికి ఆయన టిఫిను డబ్బా ఖాళీగా ఇంటికి పోతోందని స్వరూప ఫోన్ చేసి చెప్పింది.

అక్కడ వరండాలో ఆఫీసు సంగతి వేరుగా ఉంది. మూడు నెలలు ఒకరి వీపు ఒకరు చూసుకుని, మూడు నెలలు దిగులు గురించి ఫారాలు నింపి, సగం మంది ఎదురెదురు పడితే మాట్లాడుకోవడం మానేశారు. ఎనిమిదేళ్ల సీనియర్ను పొరపాటున దాటిన ఒకాయనకు, దాటబడిన ఆయనకు గొడవై ఇద్దరూ మూడో సూపరింటెండెంటు పోస్టు గురించి కోర్టుకు పోతామన్నారు. ఫారాల్లో తేడా అన్న గడిలో దిగులు లెక్క రోజురోజుకూ మారింది, కాకపోతే కిందివైపు కాదు పైవైపు.

నవంబరులో తనిఖీ. హైదరాబాదు నుంచి అదనపు డైరెక్టర్ గారు వచ్చారు. దయాకర్ సార్ పొద్దుటి నుంచి నాలుగుసార్లు మొహం కడుక్కున్నారు. అదనపు డైరెక్టర్ గారు రిజిస్టరు తిరగేసి, నమూనా లబ్ధిదారు ఎవరని అడిగారు. ఓదెలు గారు ముందుకు వచ్చారు.

"వీరి పరిస్థితి మెరుగైనట్లు వైద్యుల చీటీ ఉన్నది. మీ రిజిస్టరులో మాత్రము వీరి హాజరు ఎనిమిది దినములు. నడవకయే మెరుగైనారా?"

"నడిచియే మెరుగైనారండీ," అన్నారు దయాకర్ సార్. ఆయన నుదుటి మీద చెమట. "అయితే వారి నడక విచారణలో ఉన్నది."

అదనపు డైరెక్టర్ గారు నా వైపు తిరిగారు. నేను నివేదిక ఇచ్చాను. ఒక్క వాక్యం. 'ఆరోపిత ఉద్యోగి నడుచుచున్నారు.'

"సరే, హాజరు పూర్తిగా ఉన్నవారి సంగతి?" అని ఆయన ఫారాల కట్ట విప్పారు. మాలో ఇరవై ఏడు మంది, పథకానికి ముందు ఏ దిగులూ లేదన్నవాళ్లు, ఇప్పుడు దిగులుగా ఉన్నట్టు స్వయంగా సంతకం చేసి ఇచ్చారు. దయాకర్ సార్ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

అదనపు డైరెక్టర్ గారు కళ్లద్దాలు తీశారు.

"పై కార్యాలయము నిర్దేశించిన లక్ష్యమెంత?"

"పది శాతమండీ."

"మీరు గుర్తించినది ఎనభై ఏడు శాతము. రాష్ట్రములో ఏ జిల్లా కూడ పద్నాలుగు దాటలేదు. ఇది అపూర్వము."

వారం తిరగకుండా షీల్డు వచ్చింది. పథకాన్ని ఇంకో ఏడాది పొడిగించారు. ఓదెలు గారు మాత్రం కోలుకుంటున్నందువల్ల లబ్ధిదారుగా అర్హత కోల్పోయారు. లబ్ధిదారు కానివారిపై లబ్ధిదారుల మెమో చెల్లదు కాబట్టి మెమో రద్దయింది. ఇకపై ఆవరణలో నడవడానికి ఆయనకు అనుమతి లేదని, టపా సంచి మోయడానికి అభ్యంతరం లేదని ఉత్తర్వు ఇచ్చారు. నా విచారణ ముగించమని ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు.

డిసెంబరులో ఒకరోజు నాలుగింటికి మేం ముగ్గురం బయలుదేరుతుంటే గేటు దగ్గర దయాకర్ సార్ నిలబడి ఉన్నారు. చేతిలో ఫైలు లేదు. వెనక వరండాలో గీతల మధ్య అందరూ ఆయన కోసం నిలబడి ఉన్నారు.

"మీరు పోస్టాఫీసుకేనా?" అన్నారు.

"అవును సార్," అన్నారు ఓదెలు గారు.

"నేను కూడ... ఆ దిక్కునకే."

నలుగురం నడిచాం. మోకాళ్ల నొప్పితో ఆయన మెల్లగా నడుస్తుంటే ఓదెలు గారు ఆయనతో పాటు మెల్లగా నడిచారు. నేను రెండడుగులు వెనక, కొమురమ్మ చాలా ముందు. మామిడికాయల మార్కెట్ గోడ దగ్గర సార్ ఆగిపోయారు. మోకాళ్లకేమో అనుకున్నాను.

"ఓదెలూ," అన్నారు. ఆయన గొంతులో ఫైలు భాష లేదు. "ఆ ఇరవై ఏడు ఫారాల్లో ఇరవై ఆరు ఏదో విసుగుతోటి రాసినయి. నాకు తెలుసు. ఒకటి మాత్రం నిజంగ రాసిందే."

ఓదెలు గారు ఆయన ముఖంలోకి చూశారు.

"మీదా సార్?"

"మా ఆవిడ పోయి రెండేండ్లాయె. పోయిన ఏడాది నుంచి పొద్దున లేవబుద్ధి అయితలేదు. ఆఫీసుల ఏదో ఒకటి చేసుకుంట ఉంటె తెలుస్తలేదు. ఇంటికి పోతె... నీ దరఖాస్తు నేను మూడుసార్లు చదివిన. రూలు కోసం కాదు."

నేను పక్కకు చూశాను. గోడ వెనక ఎవరో ఖాళీ బుట్టలు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. ఓదెలు గారు ఏ నీతీ చెప్పలేదు, ధైర్యంగా ఉండమనలేదు.

"మంగళవారం, శుక్రవారం చూస్తది డాక్టరమ్మ," అన్నారు. "తొమ్మిదికే లైన్ పెద్దగైతది. శుక్రవారం ఎనిమిదిన్నరకు నేను మీ ఇంటికొస్త. ఇద్దరం పోదాం. నాది గూడ చూపించుకునేది ఉన్నది."

"ఏం చెప్పాలె ఆమెకు?"

"ఇప్పుడు నాకు చెప్పింది చెప్పండ్రి సార్. సాలు."

సార్ తల ఊపారు. జేబురుమాలు తీసి ముఖం తుడుచుకోబోయి, మడత విప్పకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నారు. బీడీల కంపెనీ గేటు దగ్గర్నుంచి కొమురమ్మ వెనక్కి తిరిగి చేయి ఊపింది.

"ఐదైతె టపా కిటికీ మూస్తరు సారూ. ముచ్చట నడుసుకుంట గూడ పెట్టుకోవచ్చు."

సార్ ఓదెలు గారి భుజం మీది సంచి అందుకుని తన భుజాన వేసుకున్నారు. అందులో ఏమీ లేదని ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయనే ముందు అడుగు వేశారు.